పర్వాలేదు పథకం

"ఈ రోజు నుంచి ఈ దేశంలో ఏ పౌరుడూ ఇంటర్నెట్‌లో దారి తప్పడు. తప్పనివ్వను. ఇది నా హామీ!"

సమాచార శాఖ మంత్రిగారు ఈ మాట అని, చప్పట్లకు చోటివ్వడానికి మైకు ముందు నుంచి ఒక్క అడుగు వెనక్కి వేశారు. అడుగు వెనక్కి వేయాలని ప్రసంగం కాగితంలో రాసింది నేనే. ప్రసంగం రాసిందీ నేనే. మొదట చప్పట్లు కొట్టిందీ నేనే.

పాఠకులకు నేనెవరో చెప్పాలి. మంత్రిగారు మా అక్క భర్త. నేను ఆయన ప్రచార సలహాదారుణ్ణి. బావమరిదిని కాబట్టి ఉద్యోగం వచ్చిందని కొందరు గొణుగుతారు. అది అసూయ. ఆ ఇంటర్వ్యూకి వచ్చింది నేనొక్కణ్ణే అయినా, అందులో మొదటి స్థానం నాదే. అయితే ఒక మాట దాచను. ఎన్నికలు దగ్గర పడ్డాయి. బావగారి సీటు పోతే నా గది, నా కారు, గుమ్మం బయట నా పేరున్న బోర్డు అన్నీ పోతాయి. కాబట్టి ఆయన మీద నాకున్న అభిమానం చాలా లోతైనది.

ఇక ఆ మహత్తర పథకం సంగతి. మనం ఫోన్లో ఒక సైటు పేరు కొడతాం. ఆ సైటు ఎక్కడుంటుందో ఫోన్‌కి తెలియదు. ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ దగ్గర ఒక విచారణ కౌంటర్ లాంటిది ఉంటుంది, దాన్ని అడుగుతుంది. "ఫలానా వారి ఇల్లు ఎక్కడండీ?" అంటే, "ఫలానా నంబరు" అని అది చెబుతుంది. చదువుకున్నవాళ్ళు దీన్ని డీఎన్ఎస్ అంటారు. చదువుకోనివాళ్ళు ఏమీ అనరు, వాళ్ళకీ పని జరిగిపోతుంది. బావగారి చూపు ఈ కౌంటర్ మీద పడింది.

ఒక పత్రిక సైటు ఉంది. బావగారి ముక్కు మీద రోజుకో కార్టూన్ వేస్తుంది. దాన్ని మూయిస్తే సెన్సారు అంటారు, పరాయి దేశాల్లో పరువు పోతుంది. అందుకని బావగారు మూయించలేదు. ఆ ఇల్లెక్కడని ఎవరడిగినా మన ఇంటి నంబరు చెప్పమన్నారు, అంతే. వచ్చినవాళ్ళకి మన పేజీ కనిపిస్తుంది. అందులో చెయ్యెత్తి చిరునవ్వు నవ్వుతున్న బావగారి ఫొటో, దాని కింద ఏదైనా రాసి పంపుకోవడానికి ఒక ఖాళీ పెట్టె. ఏం రాసి నొక్కినా ఒకటే జవాబు. "మీ విన్నపం అందింది. ధన్యవాదాలు. మీరు సురక్షితంగా ఉన్నారు." ఈ మూడు వాక్యాలూ నావే.

మొదటి రోజు సమీక్షకి ఇంటర్నెట్ కంపెనీ తరఫున ఒక ఇంజినీరమ్మ వచ్చింది. పెద్ద చదువులు చదివిన మనిషి, పెద్ద జీతం, ఇంకా పెద్ద లాప్‌టాప్. బావగారు స్వయంగా ఆ పత్రిక పేరు కొట్టారు. తెరంతా ఎర్రబడింది.

"ఇదేంటమ్మా, నా ఫొటో ఏది?"

"ఇది హెచ్చరిక సార్. 'ఈ చోటు నమ్మదగింది కాదు, వెనక్కి వెళ్ళండి' అంటోంది."

"ఎవరంటున్నది?"

"బ్రౌజర్ సార్."

"బ్రౌజరా? ఏ పార్టీ?"

"పార్టీ లేదు సార్. ఫోన్లో ఉండే సాఫ్ట్‌వేర్."

"మన దేశంలో ఉంటూ మన మీదే అరుస్తుందా?" అని బావగారు నా వైపు తిరిగారు. నేను కూడా బాధపడ్డాను.

ఇంజినీరమ్మ లాప్‌టాప్ కొంచెం పక్కకి జరిపింది. "సార్, అడ్రసు మనం తప్పు చెప్పగలం. మనిషి మనింటికే వస్తాడు. కానీ తలుపు తీసినవాణ్ణి బ్రౌజర్ గుర్తింపు కార్డు అడుగుతుంది. పత్రిక కార్డు పత్రిక దగ్గరే ఉంటుంది. అది చూపించలేకపోతే, 'ఇది మనం వెతుకుతున్న ఇల్లు కాదు' అని ఎర్రగా అరుస్తుంది."

"మన కార్డు చూపించు. మంత్రి కార్డు చూస్తే గేట్లెత్తేస్తారు."

"మన కార్డు మీద మన పేరుంటుంది సార్. వాళ్ళ పేరుండాలి."

"వాళ్ళ పేరుతో ఒకటి కొట్టించు."

"అవి ఇచ్చే సంస్థలు వేరే ఉన్నాయి సార్. అడిగినా ఇవ్వవు."

"ఆ సంస్థల వాళ్ళని పిలిపించు."

"వేరే దేశాల్లో ఉంటారు సార్."

బావగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే, మనం ఎన్ని దార్లు మళ్ళించినా జనం సేఫేనంటావ్."

"ఈ ఎర్ర తెర చూసి వెనక్కి తిరిగితే సేఫే సార్. కాకపోతే..." ఆమె తెర అడుగున వేలు పెట్టింది. "ఇక్కడ చిన్న అక్షరాల్లో ఒక బటన్ ఉంది. ప్రమాదమైనా పర్వాలేదు, నేను ముందుకే వెళ్తానని. అది మనిషి తనంతట తనే నొక్కాడనుకోండి, ఇంక బ్రౌజర్ నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత ఏం జరిగినా దాని పూచీ లేదు. కొన్ని సైట్లకి, ముఖ్యంగా బ్యాంకులకి, ఆ బటన్ కూడా రాదనుకోండి."

"బ్యాంకుల వాళ్ళకి మొదట్నుంచీ పొగరే," అన్నారు బావగారు. ఆ బటన్ వైపు చాలాసేపు చూశారు. కొత్త నియోజకవర్గాన్ని తప్ప ఆయన దేన్నీ అలా చూడగా నేను చూడలేదు. "ఇంత తెలివైన ప్రజలకి ఒక్క బటన్ నొక్కడం నేర్పలేమా?"

పర్వాలేదు పథకం అలా పుట్టింది. నినాదం అక్కడికక్కడే నా నోటి నుంచి వచ్చింది. "ఎర్రగా ఉందా? పర్వాలేదు! ముందుకే!"

"సార్, ఒక్క మాట," అంది ఇంజినీరమ్మ. "ఇది అలవాటైతే జనం ప్రతిచోటా నొక్కేస్తారు. దొంగవాడి పేజీ ముందు కూడా ఈ ఎర్ర తెరే వస్తుంది. అక్కడా నొక్కేస్తారు."

"భయం పోవడం మంచిదే కదమ్మా. నిర్భయ పౌరులు!"

ఆమె ఉత్తర్వు రాతపూర్వకంగా కావాలంది. ఉత్తర్వు వచ్చింది. దాని వెనకే వాళ్ళ కంపెనీకి ఇంకో పెద్ద కాంట్రాక్టు, ఆమెకి ప్రమోషన్ వచ్చాయి. ఆ తర్వాత ఆమె ఆ ఒక్క మాట మళ్ళీ ఎత్తలేదు. అర్థం చేసుకునే గుణం చదువు వల్లే వస్తుంది.

లైబ్రరీల్లో, బస్ స్టేషన్లలో, ఆస్పత్రి వరండాల్లో పర్వాలేదు శిబిరాలు వెలిశాయి. ఒక రిటైర్డు టీచరమ్మ శిక్షకుణ్ణి నిలదీసింది.

"ఎందుకు నొక్కాలి నాయనా?"

"ఎందుకని అడక్కుండా నొక్కడమే ఇందులో శిక్షణ అమ్మా."

ఆవిడ ఆ శిబిరంలోకెల్లా తెలివైన మనిషి కాబట్టి, మొదటి వారం ఫెయిలై రెండో వారం పాసైంది. చివర్లో పోటీలు పెట్టాం. ఒక మంగలి షాపు యజమాని గెలిచాడు. తెర పూర్తిగా ఎర్రబడేలోపే నొక్కేశాడు. బావగారు కప్పు ఇచ్చి, రహస్యమేమిటని అడిగారు.

"నేను చదవను సార్. చదివితే లేటవుతుంది."

ఈ మాటని బావగారు చట్టసభలో ఉదహరించారు. అధికారపక్షం బల్లలు చరిచింది.

దేశంలో ఎర్ర తెర అంటే భయం పోయింది. మా వీధిలో ఒక ఇంటి యజమాని ఎవరో పంపిన లింకు తెరిచి, ఎర్రగా వస్తే పర్వాలేదనుకుని, తన మెయిలు పాస్‌వర్డు కొట్టాడు. మర్నాడు ఆయన పేరుతో ఆయన అద్దెవాళ్ళందరికీ, ఇల్లు ఖాళీ చేయమని మెయిళ్ళు వెళ్ళాయి. వాళ్ళు మర్యాదస్థులు, చేశారు. ఆయన లబలబలాడుతూ బావగారి దగ్గరికి వచ్చాడు.

"నొక్కేటప్పుడు మీకు భయమేసిందా?" అని అడిగారు బావగారు.

"లేదు సార్."

"అదీ విజయమంటే!"

ఆయన ఖాళీ ఇంట్లో ఇప్పుడు మన శిబిరమే నడుస్తోంది.

దేశమంతా పాసైనా ఒక్క చోట మాత్రం పథకం పారలేదు. అది మా అక్క దగ్గర. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు కదా అని, బావగారు టీవీ వాళ్ళని ఇంటికే పిలిచారు. కెమెరా ముందు అక్క చేతికి ఫోనిచ్చి, పత్రిక పేరు కొట్టించారు. ఎర్రగా వచ్చింది. అక్క ఫోన్ బోర్లా తిప్పి బల్ల మీద పెట్టేసింది.

"పెట్టేశావేం?"

"వెళ్ళొద్దంటోంది కదండీ."

"పర్వాలేదు, నొక్కు."

"పర్వాలేదని మీకెలా తెలుసు? లోపలెవరున్నారో ఏమో!"

"లోపల నేనే ఉన్నానే!"

"మీరిక్కడున్నారుగా!"

టీవీ వాళ్ళు ఆ ముక్క కత్తిరించేశారు. వాళ్ళు వెళ్ళాక బావగారు, "మీ అక్కకి బొత్తిగా బుర్ర లేదురా," అన్నారు. నేను ఒప్పుకున్నాను. అక్క నాకు చిన్నప్పుడు అన్నం తినిపించిన మాట నిజమే కానీ, ఇప్పుడు తినిపిస్తున్నది బావగారు.

ఇంతలో పత్రిక ఒక్కటే కాదు, ఇంకా చాలామంది బావగారి ముక్కు గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. దారి మళ్ళించాల్సిన పేర్లు రోజురోజుకీ పెరిగాయి. బావగారికి విసుగొచ్చింది.

"చెడ్డవాళ్ళ పేర్లు ఎంతకని రాస్తాం? మంచివాళ్ళ పేర్లు రాసుకుందాం. అవి తక్కువుంటాయి. మిగతా ఎవరిని అడిగినా మనింటికే పంపండి."

ఆ దెబ్బతో ఆఫీసులన్నీ బావగారి గుమ్మంలో నిలబడ్డాయి. తమ పేరు మంచివాళ్ళలో చేర్చమని నీటి శాఖ వచ్చింది, రైళ్ళ వాళ్ళు వచ్చారు, వాతావరణ కేంద్రం కూడా వచ్చింది. వాతావరణం వాళ్ళని, ఆదివారం బహిరంగ సభకి వాన లేదని చెప్పిన తర్వాతే చేర్చాం. ఎన్నికల అధికారి మాత్రం స్వయంగా రాకుండా మనిషిని పంపాడు.

"మొన్న నేను హాల్లోకొస్తే కుర్చీలోంచి లేవలేదు చూడు, ఆయనేనా?"

"మోకాలికి ఆపరేషన్ అయిందట బావగారూ."

"ఆపరేషన్ మోకాలికి గానీ మర్యాదకి కాదుగా? ఎన్నికలయ్యాక చూద్దాం."

నేను అలాగేనన్నాను. నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం అదే.

నామినేషన్లకి ఆఖరి రోజు వచ్చింది. మా పార్టీలో ఒక పద్ధతి ఉంది. అసలు అభ్యర్థితో పాటు వాళ్ళింట్లోవాళ్ళు ఒకరు డమ్మీ నామినేషన్ వేస్తారు. ఏ కారణం చేతనైనా అసలుది చెల్లకపోతే డమ్మీ నిలబడాలి, చెల్లితే తప్పుకోవాలి. బావగారికి ప్రతిసారీ డమ్మీ మా అక్కే. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తప్పుకోని సందర్భం రాలేదు.

నామినేషన్ ఎన్నికల ఆఫీసుకి వెళ్ళి చేతికివ్వొచ్చు, సైటులోనూ వేయొచ్చు. "కాగితాలు పట్టుకుని క్యూలో నిలబడేది వాళ్ళు. నేను డిజిటల్ మంత్రిని," అన్నారు బావగారు. హాలు నిండా కెమెరాలు. ఆయన ఎన్నికల ఆఫీసు సైటు పేరు కొట్టారు. వెనక గోడ మీద పెద్ద తెర ఎర్రబడింది.

"పర్వాలేదు!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. విలేకరులు కూడా అరిచారు. బావగారు చిరునవ్వుతో నొక్కారు. ఎన్నికల ఆఫీసు సైటు పాతకాలంది, బటన్ పుష్కలంగా ఉంది.

గోడ మీద బావగారి ఫొటో చెయ్యెత్తి నవ్వింది. బావగారు గోడ వైపు తిరిగారు. కళ్ళు చెమర్చాయి.

"చూశారా? ఎన్నికల ఆఫీసు కూడా నా ఫొటో పెట్టుకుంది."

పెట్టెలో తన వివరాలన్నీ నింపి పంపారు. జవాబు వెంటనే వచ్చింది. మీ విన్నపం అందింది, ధన్యవాదాలు, మీరు సురక్షితంగా ఉన్నారు. ఆయన దాన్ని పైకి చదివి వినిపించారు. మొదటి చప్పట్లు నావే. వెనక వరసలో నిలబడ్డ ఇంజినీరమ్మ గోడ వైపు చూసి, నా వైపు చూసి, నోరు తెరిచింది. తర్వాత మూసుకుంది. ఏసీ ఎక్కువైందేమో అనుకుని తగ్గించమన్నాను.

అప్పుడే అక్క ఇంటి నుంచి ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, నామినేషన్ వేద్దామంటే ఎర్రగా వస్తోందిరా."

"నొక్కెయ్ అక్కా."

"నొక్కను."

"డమ్మీయే కదక్కా. ఎక్కడికెళ్తే ఏంటి?"

"డమ్మీ అయితే మాత్రం? నా పేరే కదురా దాని మీద."

ఫోన్ పెట్టేసింది. తర్వాత తెలిసింది, టాక్సీ పిలిపించుకుని కాగితాలు పట్టుకుని వెళ్ళి క్యూలో నిలబడిందట. మంత్రిగారి భార్య క్యూలో! ఇంటి పరువు సంగతి కాబట్టి బావగారి చెవిన వేయలేదు.

పరిశీలన రోజు ఎన్నికల అధికారి గదిలో అభ్యర్థులందరూ కూర్చున్నారు. అధికారి మోకాలికి పట్టీ వేసుకుని, కాలు ఇంకో కుర్చీ మీద చాపి పేర్లు చదివాడు. ప్రతిపక్షం ఆయన పేరు చదివాడు. స్వతంత్రుల పేర్లు చదివాడు. మా అక్క పేరు చదివాడు. కళ్ళద్దాలు తీసేశాడు.

"ఇంకా?" అన్నారు బావగారు.

"అంతే సార్."

"నాదో?"

"రాలేదు సార్."

బావగారు నవ్వారు. ఫోన్ తీసి చూపించారు. "ఇదేంటి మరి? అందిందని మీరే రాశారుగా!"

అధికారి మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఇది మీ ఫొటో కదా సార్."

"అవును."

"మా ఆఫీసులో మీ ఫొటో లేదు సార్."

"మీ సైటు తెరిచి చూడవయ్యా!"

"మా సైటు మాకే తెరుచుకోవట్లేదు సార్. మంచివాళ్ళలో చేర్చమని మిమ్మల్నే అడిగాం. ఆన్‌లైన్లో ఒక్కటీ రాలేదు. అందరూ కాగితాలు తెచ్చిచ్చారు."

గదిలో ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధించింది. నా గది, నా కారు, నా బోర్డు వరసగా కళ్ళ ముందు తిరిగాయి. బావగారు ఇంజినీరమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"నా నామినేషన్ ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు సార్. మన సర్వర్‌లోనే ఉంది. సురక్షితంగా ఉంది."

బావగారు విసురుగా లేచి బయటికి నడిచారు. అధికారి అప్పుడు కూడా లేవలేదు.

ఇంక చేసేదేముంది? పోస్టర్ల మీద బావగారి ముఖం పైన అక్క ముఖం అతికించాం. గుర్తు అదే, జెండా అదే, వాగ్దానాలు అవే. అక్క గెలిచింది. శాఖ కూడా అదే ఇచ్చారు. ఆ వారమంతా నిద్రపట్టక అల్లాడిపోయిన నేను, మంత్రిగారి బావమరిది స్థాయి నుంచి మంత్రిగారి సొంత తమ్ముడి స్థాయికి ఎదిగాను. రొట్టె విరిగి నేతిలో పడింది. గది మారలేదు. బోర్డు కొంచెం పెద్దదైంది.

కొత్త మంత్రిగారి మొదటి సమీక్షకి జనం బాగా వచ్చారు. ఇల్లు ఖాళీ అయిన యజమాని వచ్చాడు, రెండో వారం పాసైన టీచరమ్మ వచ్చింది. దేశం మొత్తం మీద ఆ బటన్ నొక్కని మనిషి మంత్రి అయిందంటే ఇంక తమ కష్టాలు తీరినట్టేనని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి. ఇంజినీరమ్మ రెండు ఉత్తర్వులు సిద్ధం చేసి తెచ్చింది. ఒకటి పథకం రద్దుకి, ఒకటి కొనసాగింపుకి. ఏదైనా ఆమెకి ఇబ్బంది లేదు.

మంత్రిగారు రెండూ చదివి పక్కన పెట్టారు.

"ఆ ఎర్ర తెర ఇంకా వస్తోందా?"

"వస్తోంది మేడం. అది మన చేతిలో లేదు."

"చూసినవాళ్ళు ఆగుతున్నారా?"

"లేదు మేడం. అలవాటైపోయింది."

"ఒక్కరూ ఆగట్లేదా?"

"మీరొక్కరే మేడం."

మంత్రిగారు తన ఎదురుగా ఉన్న లాప్‌టాప్‌లో ఆ పత్రిక పేరు కొట్టారు. ఎర్రగా వచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న బటన్ వైపు చాలాసేపు చూశారు. నొక్కలేదు. లాప్‌టాప్ మూసేశారు.

"ఫొటో మార్చండి," అన్నారు.

చప్పట్లు కొట్టాను. టీచరమ్మ నా వైపు చూసింది గానీ, అప్పటికే హాలంతా అందుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే, బావ హాల్లో మూల కుర్చీలో కూర్చుని ఫోన్లో ఏదో టైపు చేస్తున్నాడు. ఈ పథకం వల్ల పౌరులకి జరుగుతున్న అన్యాయం గురించి ఘాటుగా ఒక వ్యాసం రాశాడట. ముక్కు మీద కార్టూన్లు వేసే ఆ పత్రికకే పంపుతాడట. నేను పక్కన నిలబడ్డాను. పేరు కొట్టాడు. తెర పూర్తిగా ఎర్రబడేలోపే ఆయన వేలు నొక్కేసింది.

లోపల అక్క చెయ్యెత్తి నవ్వుతోంది. బావ వ్యాసమంతా ఆ పెట్టెలో అతికించి పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. రెండుసార్లు చదువుకుని ఫోన్ నా వైపు తిప్పాడు.

"మీ అక్క ఫొటో బాగా వచ్చిందిరా," అన్నాడు.

"నేనే తీయించాను బావా," అన్నాను.